కిలోమీటరు వైరులో ఎక్కడో తెగింది



పాటలో బేస్ గిటార్ పప్పులో ఉప్పు లాంటిది. ఉన్నంతసేపూ దాని ఊసెత్తేవారుండరు, లేకపోతే మాత్రం మొదటి ముద్దకే తెలిసిపోతుంది. పెళ్లి రిసెప్షన్లలో, వినాయక చవితి వేదికల మీద ఇది అప్పుడప్పుడూ జరిగేదే. డ్రమ్స్ మోగుతుంటాయి, కీబోర్డు మోగుతుంటుంది, గాయని గొంతు బాగానే ఉంటుంది. అయినా ఉన్నట్టుండి పాట తేలిపోతుంది. వేదిక మూలన బేస్ వాయించే కుర్రాడు ఆంప్ వైపు తిరిగి మీటలు అటూ ఇటూ తిప్పుతుంటాడు. అతని నాలుగు తీగలూ ఊగుతూనే ఉంటాయి, శబ్దం మాత్రం బయటికి రాదు. వచ్చినా, గోడకవతల ఎవరో గొణిగినట్టు సన్నగా వస్తుంది.

మర్నాడు రిపేరు బల్ల దగ్గర అతని నోట వచ్చే మొదటి మాట ఒకటే: "అన్నా, పికప్ పోయింది."

చాలాసార్లు అది తొందరపడి చెప్పిన తీర్పు. తీగల కింద కూర్చుని వాటి ఊపును కరెంటుగా మార్చే ఆ పికప్ అంత తేలిగ్గా పోయే సరుకు కాదు. అందులో కదిలే భాగం ఒక్కటీ లేదు, అరిగేదీ లేదు. 1950లలో చుట్టిన పికప్‌లు ఇప్పటికీ మోగుతున్నాయి. అయినా అది నిజంగానే పోయే రోజు కూడా ఒకటుంటుంది. ఆ రోజున దాన్ని పారేసి కొత్తది కొనాలా, పాతదానికే మళ్లీ ప్రాణం పోయాలా అన్నది డబ్బుకు సంబంధించిన ప్రశ్నే కాదు, ఆ గిటార్ గొంతుకు సంబంధించిన ప్రశ్న కూడా.

పికప్ మూత తీసి చూస్తే లోపల ఉన్నది ఎంత సాదాసీదాగా ఉంటుందంటే, డబ్బు పెట్టి కొన్నవాడికి కాస్త నిరాశ కలుగుతుంది. కొన్ని అయస్కాంతపు కడ్డీలు, వాటిని పట్టి ఉంచే రెండు ఫైబర్ పలకలు, ఆ కడ్డీల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి వైరు, అంతే. సైకిల్ డైనమో తెలిసినవారికి ఇది తెలిసిన సంగతే. డైనమోలో అయస్కాంతం తిరిగితే చుట్టలో కరెంటు పుట్టి లైటు వెలుగుతుంది. ఇక్కడ అయస్కాంతం కదలదు. దాని మీదుగా పోయే ఉక్కు తీగ తానూ కాస్త అయస్కాంతమై ఊగుతుంది. ఆ ఊపుకు చుట్టలో చిన్నపాటి కరెంటు పుడుతుంది. మైకేల్ ఫారడే 1831లో లండన్‌లో కనిపెట్టిన సూత్రం ఇదే. అందుకే పికప్‌కు ఉక్కు తీగే కావాలి. వీణకు కట్టే ఇత్తడి తీగను తెచ్చి దీని మీద బిగిస్తే చెవికి వినపడుతుందేమో గానీ పికప్‌కు వినపడదు.

పికప్ అంటే పాశ్చాత్య సంగీతపు వస్తువని అనుకోనక్కర్లేదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీత కచేరీల్లో వాయించింది ఎలక్ట్రిక్ మాండొలిన్. మామూలు మాండొలిన్ తీగ మీటిన మరుక్షణమే చల్లారిపోతుంది. గమకం పలకాలంటే నాదం నిలబడాలి. ఆ నిలకడ ఆయనకు దొరికింది ఐదు తీగల కింద దాగిన ఇలాంటి రాగి చుట్ట వల్లనే.

ఇక బేస్ గిటార్ పుట్టుక. రేడియోలో చెప్పుకోవలసిన కథ అది, ఎందుకంటే దాన్ని తయారు చేసినవాడు రేడియో మెకానిక్. పేరు లియో ఫెండర్. లెక్కలు రాసుకునే ఉద్యోగం చేసి, 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్లో ఫెండర్ రేడియో సర్వీస్ అని ఒక కొట్టు పెట్టుకున్నాడు. రేడియోలతో పాటు ఊళ్లోని సంగీతకారుల ఆంప్లిఫయర్లు కూడా రిపేరుకు ఆయన బల్ల మీదికే వచ్చేవి. విచిత్రమేమిటంటే, ఆయనకు గిటార్ వాయించడం రాదు, జీవితాంతం నేర్చుకోనూలేదు. వాయించేవాళ్లు చెప్పే కష్టాలు మాత్రం శ్రద్ధగా వినేవాడు. అప్పటి బేస్ అంటే మనిషంత ఎత్తున్న డబుల్ బేస్. దాన్ని కారులో ఎక్కించడం ఒక పాటు, బ్యాండ్ హోరులో దాన్ని వినిపించడం మరో పాటు. 1951లో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌ను గిటార్‌లా మెడకు తగిలించుకోవచ్చు. దాని మెడ మీద మెట్లు ఉంటాయి కాబట్టి స్వరం కచ్చితంగా పలుకుతుంది. పేరులోని ప్రెసిషన్ ఆ కచ్చితత్వమే. 1957లో దాని పికప్‌ను రెండు ముక్కలు చేసి, ఒకటి లావు తీగలు రెండింటి కింద, మరొకటి సన్న తీగలు రెండింటి కింద పక్కపక్కగా జరిపి పెట్టారు. ఆ రూపం ఈనాటికీ మారలేదు. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ చేతిలో ఉన్న 1962 నాటి గిటార్ ఆ రకమే.

ఆ గిటార్‌ను విప్పితే రేడియో మెకానిక్ చేయి కనిపిస్తుంది. మెడ నాలుగు స్క్రూలతో ఊడి వస్తుంది. ముందు పలక తీస్తే వైర్లన్నీ ఎదురుగా ఉంటాయి. పికప్‌ను రెండు టంకాలు కరిగించి బయటికి తీయవచ్చు. విప్పడానికి వీలుగా తయారైన వస్తువు అది. ఈ రోజుల్లో ఫోన్ల బ్యాటరీలు జిగురుపెట్టి అతికించేవారు ఒకసారి చూడవలసినది.

సరే, రిపేరు బల్ల దగ్గరికి వద్దాం. పికప్ పోయిందన్న కుర్రాడికి మెకానిక్ మొదట వేసే ప్రశ్న, "కేబుల్ మార్చి చూశావా తమ్ముడూ?" అని. అడగడానికి సిల్లీగా ఉంటుంది గానీ, వేదికల మీద తొక్కులు తిని, చుట్టలు చుట్టించుకుని ముందుగా తెగేది ఆ కేబులే. తర్వాత గిటార్ జాక్. దాని లోపల ఒక రేకు నాలుక ఉంటుంది. అది వదులైతే శబ్దం వస్తూ పోతూ ఉంటుంది. గిటార్‌లో ప్రీ ఆంప్ ఉన్న యాక్టివ్ రకమైతే వెనక 9 వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుంది. కేబుల్ గుచ్చగానే అది పని మొదలుపెడుతుంది. రాత్రి కచేరీ అయ్యాక కేబుల్ పీకకుండా పడుకుంటే తెల్లవారేదాకా ఎవరూ వినని పాటకు బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాల్యూమ్ తిప్పితే గరగరమంటే దుమ్ము పట్టినట్టు. ఇవేవీ పికప్ తప్పులు కావు.

ఇవన్నీ దాటాక ఒక చిన్న పరీక్ష. ఆంప్ శబ్దం తగ్గించి పెట్టుకుని, స్క్రూడ్రైవర్ కొసతో పికప్ మీది అయస్కాంతాలను ఒక్కొక్కటిగా మెల్లగా తాకాలి. ప్రాణమున్న పికప్ ప్రతి తాకిడికీ "టక్" అంటుంది. తాకాలంతే, పొడవకూడదు. అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ను తనవైపు లాగుతుంది. చేయి జారితే కొస పోయి రాగి చుట్టలో దిగుతుంది. రిపేరు కోసం మొదలుపెట్టిన పరీక్ష కొత్త రిపేరు తెచ్చిపెట్టడం ఈ వృత్తిలో అందరికీ ఒకసారైనా అనుభవమే.

అసలు సంగతి చెప్పేది మల్టీమీటర్. గిటార్‌కు కేబుల్ గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా తెరిచి, కేబుల్ రెండో కొస దగ్గర ఓమ్‌లు కొలవాలి. బ్యాటరీ లేని ప్రెసిషన్ బేస్‌లో బాగున్న పికప్ సుమారు 10 నుంచి 12 కిలో ఓమ్‌లు చూపిస్తుంది. సున్నా చూపిస్తే ఎక్కడో రెండు వైర్లు ఒకదానికొకటి తగులుతున్నట్టు. అది చాలావరకు జాక్ దగ్గరే ఉంటుంది. మీటరు 250 కిలో ఓమ్‌ల దగ్గర నిలబడితే ఒక్క క్షణం ఆలోచించాలి. పికప్‌కు అంత నిరోధం ఎక్కడిది? మీటరుకు కనిపిస్తున్నది పికప్ కాదు, వాల్యూమ్ కంట్రోల్. దాని సొంత విలువ 250 కిలో ఓమ్‌లు. అంటే దానికి ముందున్న పికప్ దారి తెగిపోయిందన్నమాట. గిటార్ విప్పకుండానే, ఒక్క స్క్రూ తీయకుండానే రోగం పేరు తెలిసిపోయింది. వైద్యులు నాడి పట్టుకుని చెప్పేవారంటే నమ్మాలనిపించేది ఇలాంటప్పుడే.

ఇప్పుడు విప్పాలి. ప్రెసిషన్ పికప్‌లోని రెండు ముక్కలూ వరసగా కలిపి ఉంటాయి, పాతకాలపు దీపావళి సీరియల్ లైట్లలాగా. ఒకటి తెగితే రెండూ పోతాయి. విడదీసి కొలిస్తే ఒక ముక్క 5 కిలో ఓమ్‌ల పైచిలుకు చూపిస్తుంది, రెండోది ఏమీ చూపించదు. తెగింది అదే. మరి వేదిక మీద ఆ సన్నని గొణుగుడు ఎక్కణ్నుంచి వచ్చింది? తెగిన రెండు కొసలూ దగ్గరదగ్గరగా ఉండి చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తాయి. లావు స్వరాలు ఆ సందు దాటలేవు, పైస్థాయివి కొంచెం దాటుతాయి. మొదటే "పూర్తిగా మూగబోలేదు, పల్చగా వస్తోంది" అని కుర్రాడు చెప్పి ఉంటే అనుభవమున్న చెవి అప్పుడే ఇక్కడికి వచ్చి ఉండేది.

ఎందుకు తెగుతుంది? ఆ వైరు ఎంత సన్ననిదో తెలిస్తే ఇన్నాళ్లు ఎలా తెగకుండా ఉందా అనిపిస్తుంది. అమెరికా కొలతలో దాన్ని 42 గేజ్ అంటారు. మందం 0.063 మిల్లీమీటరు, ఇంచుమించు తల వెంట్రుక. ఒక మీటరుకు దాని నిరోధం ఐదున్నర ఓమ్‌లకు దగ్గరగా ఉంటుంది. ఆ లెక్కన 5,300 ఓమ్‌లు చూపించే అర పికప్‌లో ఉన్నది దాదాపు ఒక కిలోమీటరు వైరు. కిలోమీటరు రాగిని తూకం వేస్తే 28 గ్రాములు కూడా దాటదు, మన బంగారం లెక్కలో ఇంచుమించు రెండున్నర తులాలు. ఇంత పొడవులో, అంత సన్నదనంలో ఒక్కచోట చిలుము పడితే చాలు.

చిలుముకు దారులు చాలా ఉన్నాయి. బేస్ వాయించేవారిలో చాలామంది బొటనవేలిని పికప్ మీదే ఆనించి ఉంచుతారు. ఆ చెమట ఏళ్ల తరబడి లోపలికి దిగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి దానికి తోడు. పాత పద్ధతిలో వైరును అయస్కాంతపు కడ్డీల మీదే నేరుగా చుట్టేవారు. మధ్యలో ఒక పూత తప్ప అడ్డు ఉండదు. కడ్డీ తుప్పు పట్టిందంటే ఆ తుప్పు మొదట కొరికేది దాన్ని ఆనుకున్న లోపలి చుట్టునే.

ఇక్కడ అదృష్టం రెండు రకాలుగా ఉంటుంది. సన్న వైరు పికప్ అడుగున చిన్న లోహపు కన్నాల దగ్గర లావు వైరుకు అతుకుతుంది. తెగింది ఆ అతుకు దగ్గరైతే భూతద్దం పెట్టుకుని, సన్నని మొన ఉన్న ఐరన్‌తో టంకం పెడితే పది నిమిషాల పని. తెగింది బయటి కొసైతే నాలుగు చుట్లు విప్పి, కొసను గీకి, దాని మీది ఎనామిల్ పూత పోయాక మళ్లీ అతకవచ్చు. వేల చుట్లలో నాలుగు తగ్గితే ఏ చెవీ కనిపెట్టలేదు. లోపలి కొస తెగిందా, ఇక మొత్తం విప్పి మళ్లీ చుట్టడమే.

మార్చేద్దామా అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. మామూలు ధర గిటార్ అయితే కొత్త పికప్ పెట్టించుకోవడం తెలివైన పనే, అందులో నామోషీ ఏమీ లేదు. ఎపాక్సీ పోసి గట్టిగా మూసేసిన కొన్ని యాక్టివ్ పికప్‌లకైతే వేరే దారే లేదు. వాటిని తెరవడమంటే పగలగొట్టడమే. కానీ ఏళ్లనాటి గిటార్, దాని అయస్కాంతాలు దానివే, ఆ గొంతుకు వాయించేవాడి వేళ్లు అలవాటు పడి ఉన్నాయనుకోండి. అప్పుడు తిరిగి చుట్టించడమే న్యాయం. తెగింది రాగి ఒక్కటే, మిగతాదంతా ఆ గొంతే.

తెలుగు నేల మీద వైండింగ్ అంటే ఏమిటో తెలియని రైతు ఉండడు. బోరు మోటారు కాలిపోతే వైండింగ్ షాపుకు మోసుకెళ్లడం ప్రతి ఎండాకాలం జరిగే పనే. పాత రాగి పీకి, చుట్లు లెక్కపెట్టి, కొత్త వైరు చుట్టి, వార్నిష్ పోస్తారు. పికప్ పని అక్షరాలా అదే. తేడా ఒక్కటే, మోటారు వైరు చేతికి ఆనుతుంది. ఈ వైరు తెల్ల కాగితం మీద పెడితే తప్ప కంటికి ఆనదు, గట్టిగా లాగితే తెగిందని చేతికి కూడా తెలియదు.

పాత రాగిని పొరలు పొరలుగా కోసి తీయాలి. కడ్డీలు కదలకూడదు. ఉత్త కడ్డీల మీద ఈసారి సన్నని టేపు ఒక చుట్టు వేస్తారు, తుప్పు మళ్లీ రాగిని తాకకుండా. మోటారుకు బిగించి, లెక్క చూపే మీటరు పెట్టి తిప్పుతుంటే, వైరు రెండు వేళ్ల మధ్యనుంచి జారుతూ పోతుంది. పట్టు బిగిస్తే తెగుతుంది. వదిలితే చుట్లు వదులై, ఆంప్ శబ్దం పెంచగానే పికప్ కీచుమంటుంది. ఎన్ని చుట్లు వేయాలి? ప్రెసిషన్ పికప్‌లో దీనికి హాయి గొలిపే సమాధానం ఉంది. బతికి ఉన్న రెండో ముక్కే నమూనా. ఒకే గేజ్ వైరు వాడి దాని ఓమ్‌లకు దగ్గరగా తీసుకొస్తే చాలు. అయితే రెండింటినీ ఒకే పూట కొలవాలి. రాగి నిరోధం ఒక డిగ్రీ వేడికి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. జనవరి పొద్దున 20 డిగ్రీల్లో కొలిచిన 5,300, మే మధ్యాహ్నం 40 డిగ్రీల్లో 5,700 దగ్గరికి పోతుంది. ఆ సంగతి తెలియక చుట్లు తగ్గించుకున్నవాడు వానాకాలానికి తన పొరపాటు తెలుసుకుంటాడు.

ఈ పనిలో ప్రపంచమంతా పేరు తెలిసిన సీమోర్ డంకన్ మొదలుపెట్టింది ఫ్యాక్టరీలో కాదు. కుర్రతనంలో తన గిటార్ పికప్ తెగిపోతే రికార్డు ప్లేయర్ పళ్లెం మీద పెట్టి తిరిగి చుట్టాడు. నిమిషానికి 33 చుట్లు చిల్లర తిరిగే పళ్లెం మీద 8,000 చుట్లు వేయాలంటే నాలుగు గంటలు పడుతుంది, అదీ మధ్యలో ఒక్కసారైనా తెగకుండా ఉంటే. అబిగైల్ ఇబారా అనే ఆవిడ 1956లో ఫెండర్ ఫ్యాక్టరీలో పనికి చేరింది. పికప్‌లు చుట్టడమే ఆవిడ వృత్తి. 2013లో పదవీ విరమణ చేసేనాటికి, ఆవిడ చుట్టిన పికప్ కావాలని ఏరి కొనుక్కునే వాళ్లు తయారయ్యారు. పాట వాయించినవారి పేరు అట్టమీద వేస్తారు, పాట కింద రాగి చుట్టినవారి పేరు ఇలా ఎప్పుడో ఒకసారి బయటికి వస్తుంది.

చుట్టడం అయ్యాక మైనం స్నానం. కొవ్వొత్తి మైనంలో కొంచెం తేనెమైనం కలిపి, వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగిస్తారు. నేరుగా మంట మీద పెట్టకూడదు, మైనం అంటుకుంటుంది. 65 డిగ్రీల దగ్గర ఉంచి పికప్‌ను ముంచితే సందుల్లోని గాలి బుడగలు బుడగలుగా పైకి వస్తుంది. బుడగలు ఆగాక తీసి తుడిచి ఆరబెడతారు. చుట్లు కదలకుండా ఉండడానికే ఈ తంతు.

ఇంత చేశాక కూడా చాలామంది దెబ్బతినేది ఆ ముక్క నుంచి వచ్చే చివరి రెండు వైర్ల దగ్గర. ప్రెసిషన్ పికప్‌లో ఒక ముక్క అయస్కాంతాల ఉత్తర ధ్రువం పైకి ఉంటే, రెండోదానిది దక్షిణ ధ్రువం. చుట్లు కూడా ఒకదానికొకటి ఎదురుగా కలుపుతారు. అందువల్ల తీగల శబ్దం నిలుస్తుంది. చుట్టూ ఉన్న కరెంటు వైర్ల నుంచి దూరే గుయ్‌మనే హోరు మాత్రం రెండు ముక్కల్లో ఎదురెదురై చెరిగిపోతుంది. ఆ రెండు వైర్లు తారుమారైతే నాలుగు తీగలూ చక్కగానే పలుకుతాయి. తప్పు జరిగినట్టే తెలియదు. వాయించడం ఆపగానే హోరు రెట్టింపై వినిపిస్తుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌తో నడుస్తుంది. బేస్ గిటార్ లావు తీగను మూడో మెట్టు దగ్గర నొక్కితే వచ్చే స్వరం 49 హెర్ట్జ్. అంటే మన గోడలోని కరెంటు ఎప్పుడూ ఆ స్వరానికి వెంట్రుకవాసి పైన అపశ్రుతి పాడుతూనే ఉంటుంది. 60 హెర్ట్జ్ కరెంటు ఉన్న అమెరికాలో ఆ హోరు ఇంకో స్వరానికి దగ్గర. వైర్లు సరైన వరసలో ఉన్నాయో లేదో చెవికి తెలిసేది ఇక్కడే. రెండు వైర్లను మార్చి టంకం పెడితే హోరు టక్కున పోతుంది.

తీగలు తాకితే హోరు తగ్గుతోందంటే లోపలి ఎర్త్ వైరు తన పని చేస్తున్నట్టే. ఏం చేసినా తగ్గకపోతే ఇంటి ప్లగ్గులో ఎర్త్ ఉందా అని చూసుకోవాలి. అది లేని వేదిక మీద గిటార్ పట్టుకుని మైకుకు పెదవి తాకించినవారికి ఆ జివ్వుమనడం గుర్తుండే ఉంటుంది. అది పికప్ మెకానిక్‌కు కాదు, ఎలక్ట్రీషియన్‌కు చూపించవలసిన రోగం.

పాత పికప్‌లు కొన్నింటిని తిరగేస్తే అడుగున పెన్సిల్‌తో ఒక తేదీ, చుట్టినవారి పొడి అక్షరాలు కనిపిస్తాయి. బల్ల మీద పని ముగిసింది. మెకానిక్ కొత్తగా చుట్టిన ముక్కను మూతలో పెట్టే ముందు తిరగేసి, పాత తేదీ పక్కన కొత్త తేదీ, కింద 5.3 అన్న అంకె రాశాడు. ఆపైన స్క్రూలు బిగించి, లావు తీగను ఒకసారి మీటి, గిటార్‌ను కుర్రాడి చేతికిచ్చాడు. "కేబుల్ మాత్రం కొత్తది కొను తమ్ముడూ," అన్నాడు.